గోదారి దాటించిన కుట్టుమిషను

మొన్న మా అమ్మాయి బ్యాటరీ ఏనుగు కాళ్ళు బిగుసుకుపోతే, బాగుచేద్దామని మిషను నూనె సీసా మూత తీశాను. ఆ వాసన తగలగానే ఏనుగు సంగతి మరిచిపోయి, తొంభైల్లో కొవ్వూరు దగ్గర మా అమ్మమ్మగారింటి సావిట్లోకి వెళ్ళిపోయాను.

ఆ ఇంట్లో మా పిన్ని కాలితో తొక్కే కుట్టుమిషను మీద ఊళ్ళో ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టేది. జనవరి మంచులో, పెరట్లో అరిసెల పాకం ఉడుకుతుంటే, బంతిపూలు గుచ్చుతూ, వేలికంటిన కొత్తబెల్లం నాకుతూ మేం పిల్లలం ఎదురుచూసేది మాత్రం భోగినాటి బొమ్మల కొలువు కోసమే. అందరిళ్ళలో బొమ్మలు కూర్చునేవి, మా ఇంట్లో కదిలేవి మరి! పిన్ని మిషనుని కొలువు మెట్ల వెనక పెట్టి, పాతచీర తెర కట్టి, కాలితో తొక్కే పలక నుంచి బొమ్మలకి దారాలు కట్టేది. పలక ఊగుతుంటే దంపుళ్ళ బొమ్మ రోకలి ఎత్తి దించేది, కోతిబొమ్మ కొబ్బరిచెట్టు ఎక్కుతూ జారుతూ ఉండేది. తెర వెనక్కి తొంగిచూసిన వాళ్ళకి మొట్టికాయలు తప్పేవి కావు.

ఆ కొలువుకి పెద్దరికం అమ్మమ్మది. అలాంటిది ఒక ఏడు కార్తీకంలో నూతిగట్టు మీద జారిపడి, తుంటి విరిగి మంచం పట్టింది. నొప్పి కంటే ఆవిణ్ణి ఎక్కువ తినేసిన బెంగ ఒకటుంది. ఏటా శివరాత్రికి పడవలో గోదారి దాటి పట్టిసం కొండ మీద వీరభద్రుణ్ణి చూసొచ్చే మనిషి, ఇక ఆ రేవు ముఖం చూడలేనని కుమిలిపోయింది. వెనకగదిలో గోడవైపు తిరిగి పడుకునేది. పేరంటానికి సావిట్లోకి రమ్మంటే ససేమిరా అంది.

"వచ్చినోళ్ళంతా అయ్యో పాపం అంటారు. నేను రానంటే రాను."

పిన్ని బతిమాలలేదు. కొబ్బరిమట్ట చెక్కి పడవ చేసింది. నీలం లంగాగుడ్డ పరిచి గోదారి అంది, అవతల ఇసుకతో కొండ కట్టి గుడి పెట్టింది. గుడ్డ కిందుగా పురికొస తిప్పి, ఒకచోట పడవకి కట్టి, ఇంకోచోట మిషను చక్రానికి చుట్టింది. మొదటిసారి తొక్కగానే పడవ రివ్వున పోయి కొండని గుద్దేసింది, అందులోని బొమ్మలు ఎగిరి శనగల పళ్ళెంలో పడ్డాయి. మేం పడీపడీ నవ్వుతుంటే పిన్ని పళ్ళు కొరుకుతూ పురికొస విప్పి, చక్రంతో పాటు తిరిగే సన్నటి ఇరుసుకి చుట్టింది. అప్పుడు పడవ నిజం పడవలాగే తాపీగా కదిలింది.

పేరంటాళ్ళు వచ్చేవేళకి నేను వెనకగదిలోకి పరిగెత్తి, "అమ్మమ్మా, పిన్ని నిన్ను పడవెక్కించింది!" అన్నాను.

"నన్నా?" అని ఇటు తిరిగింది. కాసేపటికి, "మంచం గుమ్మం దాకా లాగండ్రా. గుమ్మం దాకానే!" అంది.

పడవలో గుడ్డబొమ్మ ఒకటి అమ్మమ్మ పాత జరీచీర ముక్క కట్టుకుని కూర్చుంది. పిన్ని తొక్కుతోంది, పడవ వెళ్తోంది, సావిడి నిండా ఆడవాళ్ళున్నా ఎవరూ అయ్యో పాపం అనలేదు. పడవ కొండకి ఆనగానే పిల్లలం "మళ్ళీ! మళ్ళీ!" అని అరిచాం. పిన్ని వెనక్కి తొక్కడం మొదలెట్టింది.

"ఆపవే!" అంది అమ్మమ్మ. "దర్శనం అవ్వకుండానే తీసుకొచ్చేస్తావేంటి?"

మిషను ఆగింది. అమ్మమ్మ రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది. నాకు ఎందుకో ఏడుపొచ్చింది. చాలాసేపటికి కళ్ళు తెరిచి, "ఆఁ, ఇంక తీసుకురా" అంది. పడవ వెనక్కి వెనక్కి నడుస్తూ వస్తుంటే, పడిన తరవాత మొదటిసారి నవ్వింది.

అమ్మమ్మ మళ్ళీ పట్టిసం వెళ్ళనే లేదు. ఎవరైనా అడిగితే మాత్రం, "వెళ్ళొచ్చానండి, మా చిన్నది తీసుకెళ్ళింది" అని చెప్పేది.

ఇప్పుడు అమ్మమ్మ లేదు, ఆ సావిడీ లేదు. పిన్ని మిషనుకి మోటారు పెట్టించుకుంది. మా అమ్మాయి కోసం ఆ పడవ మళ్ళీ చేద్దామా అని ఫోనులో పిన్నిని అడిగాను.

"ఇప్పుడు ఎవర్ని దాటించాలే?" అంది.