మబ్బు పట్టిన రోజు ఎండ

ఈరోజు పొద్దున్న నేనొక తప్పు చేశాను. మనవరాలు హాకీ క్యాంపుకు వెళ్తూ అద్దం ముందు నిలబడి సన్‌స్క్రీన్ సీసా మూత తీస్తోంది. బయట పల్చగా మబ్బు పట్టింది. "మబ్బేసింది కదమ్మా, ఇప్పుడదెందుకు? బస్సు వెళ్ళిపోతాది" అన్నాను. "ఓకే తాతా" అంటూ సీసా అక్కడే పెట్టి పరుగెత్తింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నా భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె చెయ్యి ఎడమ బుగ్గ మీది పాత మచ్చ దగ్గరికి వెళ్ళింది. ఆ మచ్చ పడిన రోజు కూడా నేను సరిగ్గా ఈ మాటే అన్నాను.

తొంభైలలో మేము భిలాయి ఉక్కు కర్మాగారం కాలనీ మరోదాలో ఉండేవాళ్ళం. నాది బ్లాస్ట్ ఫర్నేసులో పని. కరిగిన ఇనుము కాలువలో పారుతుంటే పక్కన నిలబడి వచ్చేవాడికి ఎండ ఒక లెక్క కాదు. మా దృష్టిలో ఎండంటే వేడి, అంతే. వడగాలి రోజుల్లో జేబులో ఉల్లిపాయ వేసుకుని, తలకు తువ్వాలు చుట్టి, ఇంటికొచ్చాక కాల్చిన మామిడికాయ పానకం తాగితే జాగ్రత్తలన్నీ పూర్తయినట్టే. అలాంటివాడి ఇంట్లో నా భార్యకు ఎండ పడని జబ్బు వచ్చింది. ముక్కుకు అటూ ఇటూ ఎర్రటి దద్దుర్లు, కీళ్ళ నొప్పులు. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఒక లోషను రాసింది. బయటికి వెళ్ళేముందు దట్టంగా పూయాలి, మళ్ళీ మళ్ళీ పూయాలి, గొడుగు ఉండాలి. అశ్రద్ధ చేస్తే జబ్బు మూత్రపిండాలకు పాకవచ్చని కూడా చెప్పింది. అప్పటి లోషను ఎంత రుద్దినా గోడకు సున్నం వేసినట్టు తెల్లగా నిలిచేది.

మనవాళ్ళెవరైనా పక్కనే ఉన్న దుర్గ్ మీదుగా ఆంధ్రా వెళ్తున్నారంటే క్యారేజీ పట్టుకుని స్టేషనుకు వెళ్ళడం భిలాయి తెలుగువాళ్ళ ఆనవాయితీ. రైలు ఆగిన కాసేపట్లోనే కిటికీలోంచి పులిహోర అందించి, కుశలం అడిగి, కళ్ళు తుడుచుకుని వచ్చేస్తాం. ఆ వేసవిలో మా అత్తగారు నాగపూరులో కొడుకు దగ్గర్నుంచి విజయనగరం వెళ్తోంది. నేను స్కూటరు స్టార్టు చేసి హారన్ కొట్టాను.

"ఒక్క నిమిషం అండీ, లోషను రాసుకుని వచ్చెస్తాను."

"ఎండేదే? మబ్బేసింది, కనపడ్డం లేదేటి? ఆ సున్నం పూసుకొచ్చావంటే మీ అమ్మ జడుసుకుంటాది."

నవ్వింది గానీ సీసా పక్కన పెట్టేసింది. గొడుగు తీస్తే, అదీ స్కూటరు మీద అడ్డమన్నాను.

రైలు ఆలస్యం. జనరల్ పెట్టె ఆగేది రేకుల కప్పు లేని ప్లాట్‌ఫారం చివర. పక్కకు వెళ్తే పెట్టె తప్పిపోతుందని అక్కడే నిలబడ్డాం. ఆకాశమంతా కళ్ళు చికిలించాల్సినంత తెల్లగా ఉంది. అయినా గాలి చల్లగానే తగులుతోంది, చెమటైనా పట్టలేదు. ఆమె మాత్రం కొంగు ముఖం మీదికి లాక్కుంటూనే ఉంది. "బుగ్గలు మండతన్నాయండీ" అంది. "ఇదిగో, వచ్చెస్తాది" అన్నాను, రైలు సంగతి అడిగినట్టు.

చివరికి రైలొచ్చింది. అత్తగారు కిటికీలోంచి చెయ్యి చాపి కూతురి గడ్డం పట్టుకుంది. "ఎలాగున్నావే అమ్మా! బుగ్గలు ఎర్రగా నిగనిగలాడతన్నాయి. అల్లుడుగారు బాగా చూసుకుంతన్నారు!" నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సాయంత్రానికి ముఖం వాచింది, జ్వరం వచ్చింది. మర్నాడు డాక్టరమ్మ "ధూప్‌లోకి వెళ్ళారా, ఎండలోకి?" అని అడిగింది. లేదండీ, మబ్బుగా ఉందన్నాను. "మబ్బు వేడిని ఆపుతుంది. ఈమెకు పడనిది వేడి కాదు, వెలుగులో ఉంది. అది మబ్బును దాటుకుని వస్తుంది. లోషను ఎందుకు రాసుకోలేదు?" అంది.

"నానే మర్చిపోయానండి" అంది నా భార్య తల దించుకుని. నేను మూత్ర పరీక్షకు రాసిచ్చిన చీటీ అందుకుని లేచాను.

మూత్ర పరీక్ష ఫలితం వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. పొద్దున్న లేస్తూనే ఆమె పాదం మీద వేలితో నొక్కి చూసేవాణ్ణి, నీరు చేరి గుంట పడుతుందేమోనని. "ఏటండీ, కొత్తగా నా కాళ్ళకి మొక్కెస్తన్నారు!" అనేది. ఆమె నవ్వినకొద్దీ నాకు భయం పెరిగేది. దేవుడి దయ, మూత్రపిండాలకు ఏమీ కాలేదు; ఎడమ బుగ్గ మీద మచ్చ మాత్రం ఉండిపోయింది. ఆ కబురు విన్న గదిలోనే డాక్టరమ్మతో చెప్పాను: "ఆమె మర్చిపోలేదండీ. నేనే వద్దన్నాను." డాక్టరమ్మ నన్ను చూసింది, నా భార్య గోడను చూసింది.

అటుపైన లోషను తేవడం నా పనైంది. దుర్గ్‌లో మందుల షాపతను "భాభీజీకి ఇది బాగుంటుంది" అంటూ ముఖం తెల్లబడే క్రీము చేతిలో పెడితే తిరిగిచ్చేశాను. రెండు రకాల అతినీలలోహిత కిరణాలనూ ఆపేదే కావాలని అడిగి, గడువు తేదీ చూసి కొనడం నేర్చుకున్నాను. వేడికి పాడవుతుందని స్కూటరు డిక్కీలో పెట్టడం మానేశాను. ఆమె చెయ్యి అందని మెడ వెనకా, మర్చిపోయే చెవుల మీదా నేనే పూసేవాణ్ణి.

ఈరోజు అద్దం దగ్గర వదిలేసిన సీసా జేబులో వేసుకుని మైదానానికి వెళ్ళాను. "తాతా, అందరూ చూస్తున్నారు యార్!" అని విసుక్కుంటూనే మనవరాలు కళ్ళు మూసుకుని ముఖం పైకెత్తింది. మెడ వెనక కూడా పూశాను. ఇన్నేళ్ళు గడిచినా, ఆ రోజు నేర్చుకున్నది కూడా ఈ పూతలాగే ఒక్కసారితో సరిపోలేదు. పొద్దు తిరిగినకొద్దీ మళ్ళీ పూయాల్సి వస్తూనే ఉంది.