జాలీ గోడ వరండాలో చదువు

ఈమధ్య మా హైస్కూలును వారసత్వ కట్టడాల్లో చేర్చారట. చేర్చాల్సిందే. ఆ గోడలకు ఇటుకలు మోసినదాన్ని, ఆ మాట అనే హక్కు నాకుంది.

భిలాయిలో అప్పట్లో అన్నీ ఒకేసారి లేచాయి: ఉక్కు ప్లాంటు, క్వార్టర్లు, స్కూలు. ఎర్ర ఇటుకతో రెండంతస్తులు, తూర్పున పొడవాటి వరండా. ఆ వరండాకు మేస్త్రీ ఇటుకకూ ఇటుకకూ మధ్య ఖాళీ వదిలి గోడ కట్టాడు. దాన్ని జాలీ అంటారని మాకేం తెలుసు? ఇటుకలు మిగిల్చి అమ్ముకుంటున్నాడని కూలి ఆడవాళ్లమంతా తిట్టిపోశాం.

కొన్నేళ్లకు అక్కడే సాయంత్రాలు, మాలా తెలుగునేల నుంచి కూలికొచ్చిన పెద్దవాళ్లకు తెలుగు చదవడం, రాయడం నేర్పే క్లాసు పెట్టారు. నాకు చదువు రాదని మా పిల్లలు పుస్తకంలో లేనివి చదివినట్టు చెప్పి నవ్వుకునేవారు. నాకు రోషం వచ్చి క్లాసులో చేరాను.

మగవాళ్లకు గదిలో బెంచీలు. మాకు వరండాలో నేల. నల్లబల్ల గదిలోనే. మాస్టారు వాళ్లకు పాఠమంతా చెప్పి, మిగిలిన ఓపికతో మాకు నాలుగక్షరాలు చెప్పి సైకిలెక్కేవారు. ఇలాగైతే చచ్చేదాకా నాకు చదవడం రాదని అర్థమైంది.

మే నెల వచ్చింది. పడమటెండకు కాగిన గది, దీపాలు పెట్టే వేళకు కూడా పెనంలా ఉండేది. మా వరండాలో జాలీగుండా గాలి. ఒకరోజు మెడ తుడుచుకుంటూ ముందుగా బయటికొచ్చింది మా ఆయనే.

“ఏటే, మీరు లోపలికెల్లండి. మేం ఇక్కడ కూకుంటాం.”

“ఎందుకెల్తాం? బెంచీలు మీవే కదేటి. కూకోండి.”

“ఉడికిపోతన్నామే!”

“ఉడకండి. దించినప్పుడు పిలుత్తాం.”

ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. మాస్టారు గుమ్మంలోకొచ్చారు. ఆయన చొక్కా కూడా తడిసి ముద్దయింది.

“ఏం చెయ్యమంటావమ్మా?”

“నల్లబల్ల బయటెట్టించండి బాబూ. ముందర మేం, మా ఎనకాల ఆల్లు. పాఠం అందరికీ ఒక్కపాలే సెప్పండి.”

“ఆడోల్ల ఎనకాలేటి?” అని మా బావ ఒకడు గొణిగాడు.

“గదిలోకెల్లిపో బావా, తలుపు నేనేత్తాను.”

బావే బల్ల రెండో కొస పట్టి మోసుకొచ్చాడు.

వానలు పడి గది చల్లబడ్డాక, మళ్లీ లోపలికి పోదామన్నారు మగవాళ్లు. వరండా మీద సజ్జా వెడల్పు. చినుకు లోపల పడదు. మాస్టారు కదల్లేదు, మేమూ కదల్లేదు. అక్కడే, ముందు వరసలోనే కూర్చుని చదవడం నేర్చుకున్నాను. మా ఆయన కంటే ముందే.