గోపన్న మార్చిన ఒట్టు

మా ఊరు నందికొట్కూరు పక్కన. గోపన్న పగలంతా జొన్నచేలలో కూలి చేసి, సాయంత్రం మా పిల్లలకు కుస్తీ నేర్పే వస్తాదు. మీసం పెద్దది, కోపం అంతకంటే పెద్దది. ఆ కుస్తీబడిని తాలీం అనేవాళ్ళం. అందులో చేరే ప్రతివాడూ ఆంజనేయుడి పటం ముట్టుకుని, ఆ నాలుగు గోడల మధ్య జరిగేది బయట చెప్పనని ఒట్టు పెట్టాలి. మా పట్లు పక్క ఊరివాళ్ళకు తెలిస్తే ఉగాది పోటీలో పరువు పోతుందని ఆయన బెంగ. తలుపుకు లోపలి గడియ బిగించింది కూడా ఆయనే.

1954లో నాకు పదేళ్ళు. తాలీంకు కొట్టం ఇచ్చింది కిరాణా అంగడి రామలింగయ్య శెట్టి. ఆయన బామ్మర్ది గంగాధరం పిల్లల ఒంటికి నూనె పట్టిస్తానంటూ రావడం మొదలుపెట్టాడు. గోపన్న చేలోంచి రాకముందే వచ్చి, నన్నొక్కణ్ణే లోపలికి పిలిచి గడియ వేసేవాడు. ఆ చేతులంటే నాకు భయం, అసహ్యం. మా అమ్మ హులిగెమ్మకు చెప్పాలని నోటిదాకా వచ్చేది. ఒట్టు గుర్తొచ్చి మింగేసేవాణ్ణి. చివరికి తాలీంకు పోవడమే మానేశాను.

ఒకరోజు గోపన్న నన్ను బావి దగ్గర పట్టుకున్నాడు.

"ఏమిరా తిమ్మన్నా, భయపడి దాంకుంటాండావా? ఉగాది దగ్గరికొస్తాండాది!"

నాకు ఏడుపొచ్చింది. ఆయనా తాలీం మనిషే కదా, ఆయనకు చెబితే ఒట్టు తప్పినట్టు కాదనుకుని అంతా చెప్పేశాను.

"ఇన్నాళ్ళు మీయమ్మకు చెప్పల్యాకపోతివా?"

"చెప్పగూడదని నువ్వే గదా ఒట్టేపిచ్చుకుంటివి!"

గోపన్న అక్కడే కూలబడ్డాడు. "తప్పు నాది నాయనా. నీది ఏమీ ల్యా," అంటూ ఏడ్చాడు. అంత మనిషి అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

నా చెయ్యి పట్టుకుని ముందు మా అమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆ తర్వాత తాలీం తలుపు ఊడబెరికి, నెత్తిన పెట్టుకుని అంగడికి పోయి, బజారంతా వినేలా జరిగింది చెప్పాడు.

"కొట్టం నాదని మర్సిపోతాండావు గోపన్నా," అన్నాడు శెట్టి.

"కొట్టం నీదే శెట్టీ, ఇదో తలుపు గూడా ఇచ్చేస్తాండా. పిల్లోళ్ళు మాత్రం నావోళ్ళు."

ఆ వారమే గంగాధరాన్ని ఊరు దాటించారు. కొట్టం పోయింది. కళ్ళంలో అందరికీ కనపడేచోట కొత్త గోదా తవ్వుకున్నాం. ఒట్టు కూడా మారింది. ఆంజనేయుడి పటం ముట్టుకుని, గోదాలో జరిగిందంతా ఇంట్లో చెబుతామని ఒట్టు పెట్టాం.

అమ్మ జొన్నరొట్టెలు తడుతుంటే పక్కన కూర్చుని ప్రతి పట్టూ చెప్పేవాణ్ణి. అన్ని ఇళ్ళలోనూ ఇదే తంతు. తల్లుల నోట మా పట్లు పక్క ఊళ్ళోని వాళ్ళ పుట్టిళ్ళకు చేరిపోయాయి. ఉగాది పోటీలో పక్క ఊరివాళ్ళు మావాళ్ళను వరసగా ఐదుగురిని మట్టి కరిపించారు. గోపన్న మాత్రం నవ్వుతూనే కూర్చున్నాడు.

ఆఖరి కుస్తీ నాది. అవతలివాడు నా మెడ వంచేశాడు. ఇక అయిపోయిందనుకుంటుండగా ఆడవాళ్ళ గుంపులోంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఎడమ కాలు పట్టుకోరా! మొన్న చెప్పినావే!"

పట్టుకున్నాను. వాడు వెల్లకిలా పడ్డాడు. జనమంతా ఒకటే నవ్వు.

"అక్కా, నాకంటే బాగా నేర్సినావే!" అన్నాడు గోపన్న.

అమ్మ నా వీపు మీది మన్ను కొంగుతో తుడుస్తూ, "నా కొడుకు నాతో అన్నీ చెప్తాడప్పా," అంది.