అటుక మీద సుద్ద గడులు

నా చిన్నప్పుడు ఒక ఏడాది మాకు చదువుల కంటే సెలవులే ఎక్కువొచ్చినయి. తెలంగాణ కావాలని పెద్ద పిలగాండ్లు బడులు బంద్ పెట్టిన్రు. మళ్ళ బడి తెరిచేసరికి నేను లెక్కల్ని మర్చిపోయిన, లెక్కలు నన్ను మర్చిపోయినయి. ఎదురుపడితే ఇద్దరికీ బాగుండదని నేనే బడి మానేసిన. అందుకే ఇప్పుడు చెప్పబోయే లెక్క బడిల నేర్చింది కాదు. కేసముద్రం మార్కెట్ల, మిరపకాయ బస్తాలు దాచే గోదాముల, నెత్తురు చూసుకుంట నేర్చుకున్నది.

మా బాపు ఆ మార్కెట్ల హమాలీ. మా పక్కింటి చాచా వడ్రంగి. కోపమొస్తే ఉర్దూ, ప్రేమొస్తే తెలుగు, ఆకలైతే రెండూ మాట్లాడేటోడు. ఆ గోదాముల మనిషిన్నర ఎత్తున ఒక చెక్కల అటుక ఉండె. దాని నడిమి దూలానికి చెదలు పడితే, పాడైనకాడికి కోసేసి కొత్త కట్టె అతికే పని చాచాకు ఇచ్చిన్రు. ఆ పొద్దు చాచీ కట్టిచ్చిన రొట్టెలు తీస్కొని నేను గోదాముకు పోయిన.

పోయేసరికి చాచా అటుక మీద మోకాళ్ళ మీద కూసొని సుద్దముక్కతో గడులు గీస్తుండు. తొక్కుడుబిళ్ళ ఆడుకునేటందుకు నాకోసమే గీస్తుండనుకొని సంబరపడ్డ. "నీ మొహం," అన్నడు చాచా, "బస్తాలు పెట్టేటందుకు." గుంజల దగ్గర, గోడల దగ్గర గడులు పెద్దగున్నయి. అతుకు వేసిన నడిమిట్ల మాత్రం చిన్నచిన్నగ, వల లెక్క ఉన్నయి. ఎందుకట్ల అని అడిగిన. ప్రతి గడిని వేలి కణుపుతో కొట్టి చూపిచ్చిండు. గోడ పక్కన చెక్క అంత దూరం ఒక్కతీరుగనే పలికింది. నడిమిట్ల మాత్రం జానెడు జానెడుకు సప్పుడు మారింది. కట్టె గుణం ఎక్కడ తొందరగ మారుతదో అక్కడ గడి చిన్నగ గీయాలె, పెద్ద గడి గీస్తే లోపం దాంట్ల దాక్కుంటదన్నడు.

తర్వాత నన్ను కిందికి తీస్కవోయి, రెండు ఇటుకల మీద ఒక సన్నటి చెక్కపట్టి పెట్టిండు. దాని మీదికి ఆహిస్తా ఎక్కమన్నడు. ఆహిస్తా అంటే మెల్లగ. ఎక్కిన. పట్టి వంగింది గని విరగలే. దిగి, ఇప్పుడు ఎగిరి దుంకమన్నడు. దుంకిన. పట్టి రెండు ముక్కలైంది, నేను నేల మీద కూలబడ్డ.

"నీ బరువు పెరిగిందా?" అన్నడు.

"లే చాచా, నీ కట్టెకే ధైర్యం తగ్గింది."

నవ్విండు. బరువు అదే, దించిన తీరే వేరన్నడు. నాకు అప్పుడు అర్థమైంది ఒక్కటే, ముడ్డి నొస్తుందని.

అప్పుడే స్టేషన్ దిక్కు నుంచి లొల్లి ఇనబడ్డది. పొద్దటి సంది పట్టాల మీద కూసున్న పిలగాండ్ల మీద లాఠీలు లేసినయి. రాళ్ళు లేసినయి. వడ్లు ఆరబోసిన తావుల మనుషులు పడుకుంట లేసుకుంట ఉరుకుతున్నరు, వెనుకనుంచి పోలీసులు తరుముతున్నరు. ఉల్లిగడ్డలమ్మే ముసలవ్వ తప్పుకోలేక నిలబడితే ఆమె నోటి మీద లాఠీ పడ్డది. ఆమె కొంగుల నెత్తురు, ఆమె చుట్టూ ఉల్లిగడ్డలు. ఎక్కడ్నో తుపాకీ పేలింది. ఆ సప్పుడు ఇప్పటికీ నాకు పటాకుల దుకాణం ముందు యాదికొస్తది.

దొరికిన తలుపు దొరికినట్టు జనం మా గోదాముల చొరబడ్డరు. వాళ్ళల్ల మా బాపు ఉండె. నుదురు పగిలిన ఒక పొడుగు కాలేజీ అన్న ఉండె. గోదాముకు ఇంకో తోవ లేదు, దాక్కునేటందుకు అటుక తప్ప ఇంకేం లేదు. అందరూ ఒక్కసారి నిచ్చెన మీద పడ్డరు. ఒకడు పైకెక్కి అటుక మీద ధబేల్మని దుంకితే అతుకు కాడ దుమ్ము రాలింది. చాచా వాని ఎనుకనే ఎక్కి చెంప మీద ఒక్కటి కొట్టిండు. మంది బిత్తరపోయి ఆగిన్రు.

"ఒక్కొక్కలు. ఆహిస్తా. నేను చెప్పిన గడిలనే నిలబడాలె. ఎగబడితిరా, పోలీసోళ్ళ కంటే ముందు ఈ అటుకనే మిమ్ముల చంపుతది."

బాపును గుంజ పక్కన నిలబెట్టిండు. లావు మనుషులను గోడలకు ఆనిచ్చిండు. సన్నటోళ్ళను వాళ్ళ ముందటికి తెచ్చిండు. ఆఖరికి నడిమి చిన్న గడి మిగిలింది. ఎవ్వరున్నరని చూసి నన్ను ఎత్తి, గుడ్డును దించినట్టు దాంట్ల దించిండు. "ఇక్కడ నీ అంత తేలికోళ్ళు లేరు బేటీ. కట్టె పలికితే ముందు నీకే తెలుస్తది, కదలద్దు," అన్నడు. దిగుకుంట మా పక్కన ఎక్కే సందుకు చెక్క మూత ఏసి, నిచ్చెన తీసి పొట్టు కుప్పల పండబెట్టి, దూగుడ పట్టుకొని ఏదో చెక్కను నున్నగ చేసుకుంట కూసున్నడు.

మిరపకాయల ఘాటుకు అందరం ముక్కులు బిగవట్టినం. పోలీసులు వచ్చిన్రు. చెక్కల సందులకెల్లి నాకు అంతా కనబడుతుంది.

"వాళ్ళెక్కడరా?"

"సాబ్, నేను మేస్త్రీని. నా పని నేను చేసుకుంటున్న."

మొదటి దెబ్బ వీపు మీద పడ్డది. రెండోది చెవి కింద. పడ్డోణ్ణి లేపి, లేసినోణ్ణి పడగొట్టి, బూట్లతోటి తన్నిన్రు. తర్వాత ఆయన కుడిచెయ్యి బల్ల మీద పెట్టిచ్చి లాఠీ ఎత్తిన్రు. ఆ సప్పుడు నాకు ఇందాక విరిగిన చెక్కపట్టి సప్పుడు లెక్కనే ఇనబడ్డది. చాచా అరిసిండు గని, తల మాత్రం పైకెత్తలే. ఒక్కసారి పైకి చూస్తే చాలు, మేమంత దొరుకుతం.

నా పక్క గడిలున్న పొడుగు అన్న మూత దిక్కు చూసిండు. కిందికి దుంకి వాళ్ళ గొంతు పట్టాలని ఆయన కండ్లల్లనే ఉంది. పాదం లేపి నా గడిల పెట్టిండు. అతుకు కిర్రుమన్నది. నా కాళ్ళ కింద చెక్క దిగింది. ఇంకో అడుగు పడితే మేమంత కలిసి చాచా మీదనే పడతం.

ఆయన కాలిపిక్క పట్టుకున్న. తొక్కుడుబిళ్ళల నాకు తెలిసిన మాటే గుసగుసగ అన్న.

"అన్నా, గీత తొక్కితే ఔట్."

ఆయన కిందికి చూసిండు. సుద్ద గీత కనబడ్డది. పాదాన్ని మెల్లగ వెనుకకు తీసి తన గడిల ఆనిచ్చిండు. తన ముంజేతిని తనే కరుచుకున్నడు. దాని నెత్తురు చుక్క ఒకటి నా గడిల పడ్డది. కిందికి కారకుండ నేను మడిమెతో అదిమిన.

స్టేషన్ కాడ మళ్ళ రాళ్ళు మొదలైతే పోలీసులు అటు ఉరికిన్రు. చాచా ఒక్కచేత్తోటి నిచ్చెన లేపిండు. దిగేటప్పుడు కూడ అదే తీరు, ముందుగాల నడిమిట్లున్నది దిగాలెనన్నడు. అట్ల నేనే మొదలు దిగిన. ఆయన నోరంత నెత్తురు.

"కట్టె పలికిందా?"

"పలికింది చాచా. నేను మాత్రం దుంకలే."

నవ్వబోయి పక్కటెముకలు పట్టుకొని కూసున్నడు. బాపు ఆయన్ని ఎత్తుకొని దవాఖానకు తీస్కపోయిండు. బస్తాలు మోసే మా బాపు ఎప్పుడూ అంత మెల్లగ నడవంగ నేను చూడలే. చాచా కుడిచేతి వేళ్ళు మళ్ళ సాపు కాలే. ఎడమచేత్తో రంపం పట్టుడు నేర్చుకున్నడు చాచా. మా పెండ్లి మంచం ఆ ఎడమచేతిదే, ఇంకా కిర్రుమనలే.

మొన్న నా మనుమరాలు హైదరాబాద్ నుంచి వచ్చి, తన ఉద్యోగం ఏందో కంప్యూటర్ల చూపిచ్చింది. ఒక ఇనుప ముక్కను వల లెక్క గడులు గడులు చేసింది. బొక్క ఉన్నకాడ గడులు చిన్నగున్నయి. మీదికెల్లి బాణాలు పెట్టింది, బరువన్నట్టు. బరువు మెల్లగ దించినవా, ధబేల్మని పడేసినవా అని అడిగిన. "రెంటికీ వేరే వేరే లెక్కలుంటయి అమ్మమ్మా," అని రెండూ చేసి చూపిచ్చింది. రంగులు మారినయి. నడిమిట్ల ఒక చిన్న గడి ఎర్రగైంది. అక్కడే అన్నిటికంటే ఎక్కువ నొప్పి పడుతుందన్నది.

నేను దాని మీద వేలు పెట్టి, "గీడ నేను నిలబడ్డ," అన్న. అది నవ్వింది, నేనెప్పటి లెక్కనే పరాచికమాడిన అనుకొని.

నా నోరు ఆగది, అది అందరికీ తెలుసు. గని ఎవరి మీదనన్న కోపం తన్నుకొచ్చి ఒక్క దుంకు దుంకుదామనిపిస్తే, నా కండ్లు ముందుగాల నా పాదాల దిక్కు పోతయి, గీత ఎక్కడుందో, కింద ఎవరున్నరోనని.