గాలికి సోకుతదట

పోలీసు చర్య జరిగిన ఏడు, చలికాలంలో, నేను నల్లగొండ దవాఖానలో పన్నెండు రోజులున్నాను. వాటిలో గుర్తున్నవి మహా అయితే నాలుగు. మిగతావన్నీ జ్వరంలో కరిగిపోయాయి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మాది మోత్కూరు దగ్గర గొర్లు కాచుకునే ఇల్లు. మొదట రజాకార్ల భయంతో, వాళ్లు పోయాక మిలిటరీ భయంతో, ఊళ్లో వయసు మగవాళ్లం గుట్టల్లో తలదాచుకున్నాం. ఒక గొంగడి కింద నలుగురం. ఒకడికి పడిశం పట్టిందంటే వారం తిరక్కుండా అందరికీ అంటుకునేది. చప్పుడు బయటికి పోకుండా రుమాలు నోట్లో కుక్కుకుని దగ్గేవాళ్లం. తుపాకీ గుండ్లను తప్పించుకున్నవాణ్ని చివరికి పడిశం పడగొట్టింది, చెప్పుకోవడానికే సిగ్గు. రొమ్ము పట్టేసి ఊపిరాడకపోతే అమ్మ ఎడ్లబండి కట్టించి దవాఖానకు తెచ్చింది. బాపు లేడు. ఆమెకు నేనొక్కణ్నే.

వార్డులో సున్నం గోడలు పొద్దుటెండకు మెల్లగా ఊగేవి. మంచం ఇంకా బండిలాగే సాగిపోతున్నట్టుండేది. ఎటు పోతోందో అడుగుదామంటే నోరు రాదు. ఒక పక్క మంచంలో ఉత్తరాది పోలీసు జవాను, ఇంకో పక్క కమ్యూనిస్టుల సంఘంలో తిరిగాడని పట్టుకొచ్చిన రైతు. ఇద్దరిదీ నా జబ్బే. ఒకరి దగ్గు ఆగితే ఇంకొకరు అందుకునేవాళ్లు. కళ్లు మూసుకుంటే ఏ దగ్గు ఎవరిదో, నాది ఏదో కూడా తెలిసేది కాదు.

డాక్టరు పట్నం మనిషి, ఉర్దూ తప్ప రాదు. అమ్మకు తెలుగు తప్ప రాదు. ఉర్దూ బడిలో నాలుగు జమాతులు వెలగబెట్టిన నేను పడుకున్నచోటి నుంచే తర్జుమా చేసేవాణ్ని. ఒక మధ్యాహ్నం ఆయన అమ్మను చూపిస్తూ నిదానంగా చెప్పాడు. ఈ జబ్బు రోగి దగ్గినప్పుడు, ఊపిరి వదిలినప్పుడు గాలిలో కలిసి పక్కవాళ్లకు అంటుకుంటుంది, అమ్మను దూరంగా కూర్చోమను, వీలైతే ఇంటికి పంపించు అని. అంత మాటను నేను రెండు ముక్కల్లో తేల్చేశాను.

"గాలికి సోకుతదట, అమ్మా."

అమ్మ ముఖం తేటపడింది. గాలి సోకడమంటే మా వైపు ఒకటే అర్థం. చావకూడని చావు చచ్చినవాళ్లు ఎవరో వచ్చి మనిషిని పట్టుకోవడం. గుట్టల్లో ఎంతమంది పోయారో లెక్కే లేదు, వాళ్లలో ఒకరు నన్ను పట్టారని ఆమెకు ఖాయమైపోయింది. జబ్బంటే ఆమె చేతిలో లేదు. గాలంటే ఉంది.

ఆమె తప్పుగా అర్థం చేసుకుందని నాకు అప్పుడే తెలుసు. ఇంకొక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. ఆమె వెళ్లిపోతే ఆ మంచం మీద ఒంటరిగా చచ్చిపోతానని భయమేసింది. ఇరవై మూడేళ్ల గాడిదను, అమ్మ పోతుందని నోరు కట్టేసుకున్నాను.

డాక్టరు అటు పోగానే అమ్మ నా ముఖం చుట్టూ చేతులు తిప్పి, తన కణతలకు ఆనించి మెటికలు విరిచింది. ముఖంలో ముఖం పెట్టి, నేను వదిలిన ఊపిరినల్లా లోపలికి పీల్చుకుంది.

"నా బిడ్డను ఇడిసిపెట్టు. నా మీదికి రా," అని గాలితో అంది.

ఆమె దగ్గర జొన్నరొట్టె వాసన, గొర్రె ఉన్ని వాసన. నా లోపలి బరువు దారంలా బయటికి సాగిపోతున్నట్టుండేది. అంత సుఖమైన నిద్ర మళ్లీ ఎన్నడూ పోలేదు. అలా మూడు రోజులు చేసింది.

నాలుగో రోజు అమ్మ దగ్గింది. నా పుట్టువెంట్రుకలు యాదగిరిగుట్టలో తీయించినప్పుడు కూడా అంత సంబరపడి ఉండదు. తన మీదికి వచ్చేసిందని పక్క మంచం జవానుకు కూడా చెప్పింది. అతనికి ఒక్క ముక్క అర్థం కాకపోయినా తలూపాడు. ఆ సాయంత్రమే నా జ్వరం దిగింది.

రెండు రోజులకు అమ్మను ఆడవాళ్ల వార్డులో చేర్చారు. గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్లాను. ఆమె రొమ్ము ఎగసెగసి పడుతోంది. అక్కడ కూర్చుని అంతా చెప్పేశాను. ఇది దయ్యం గాలి కాదని, దగ్గుతో అంటుకునేదని, డాక్టరు నిన్ను ఇంటికి పొమ్మన్నాడని, నేనే దాచానని.

అమ్మకు కోపం రాలేదు.

"గాలో దగ్గో నాకేం ఎరుక. గొర్రెకు దగ్గొస్తె మందల నుంచి ఇడదీస్తం. నిన్నెట్ల ఇడదీస్త బిడ్డా?"

మర్నాడు పొద్దున ఆమె పోయింది. కొడుకు గాలిని తన మీదికి తీసుకుందని ఊరంతా ఆమెను పొగిడింది. ఆ పొగడ్తలన్నీ తలొంచుకుని విన్నాను, ఒక్కరికీ నిజం చెప్పలేదు.