నడుం కాదు, గజ్జల్లో నొప్పి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆడపిల్ల ఒంటికి తల, చేతులు, కాళ్ళు, నడుం మాత్రమే ఉండేవి. మిగతావాటికి పేర్లూ లేవు, నొప్పులు వచ్చే హక్కూ లేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది.

మాది మండపేట పక్క పల్లె. నేను హైస్కూలు చెడుగుడు జట్టులో ఉండేదాన్ని. పోటీలు దగ్గరపడుతుండగా ఒక సాయంత్రం కూతకి వెళ్ళాను. వెనక గీత దగ్గరున్న పిల్లని తాకాలని కాలు బారచాపేసరికి తొడ మొదట్లో ఏదో పుటుక్కుమన్నట్టయింది. కుంటుకుంటూ ఇంటికొచ్చి, గజ్జల్లో నొప్పిగా ఉందని చెప్పబోతే అమ్మ నా నోరు మూసేసింది. అరుగు మీద నాన్నగారున్నారు, అవేం మాటలని కసిరింది. మరేమని చెప్పాలి? నడుం పట్టేసిందని చెప్పమంది. అలాగే చెప్పాను.

నడుం పట్టేస్తే మావైపు చేసే వైద్యం ఏమిటంటే, ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు వచ్చి కాలితో తన్నాలి. పక్కింటి మామయ్య అలా పుట్టినవాడే. నన్ను చాప మీద బోర్లా పడుకోబెట్టారు. ఆయనగారు వచ్చి నిక్షేపంలాంటి నా నడుం మీద తన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? పట్టు వదలాలని కాలు పట్టుకుని పక్కకి లాగాడు. నా కేక వీధి చివరిదాకా వినపడింది. పాపం, ఆయన్నని ఏం లాభం? అసలు నొప్పి ఎక్కడుందో ఆయనకెవరు చెప్పారు గనక?

మర్నాడు మంచం దిగలేకపోయాను. పోటీలంటే భయపడి వేషాలేస్తోందని డ్రిల్లు మాస్టారు కబురు పంపారు. నాన్నగారికి అదే సందు. ఆడపిల్లకి ఈ గెంతులెందుకు, చెడుగుడు ఇక మానిపించేయమన్నారు. నొప్పికంటే ఆ మాటకే ఎక్కువ ఏడ్చాను. చదువులో అంతంతమాత్రం, పాట రాదు, నాకంటూ ఉన్నది ఆ ఆట ఒక్కటే. అదీ తీసేసుకుంటారా?

అప్పుడు రామచంద్రపురం నుంచి మా అమ్మమ్మ వచ్చింది. తలుపు దగ్గరగా వేసి, నన్నేమీ అడక్కుండా, తనే వచ్చి నా పక్కన పడుకుంది.

"నేనే నువ్వనుకో. నాకెక్కడ నొప్పో వేలు పెట్టి చూపించు," అంది.

ఆవిడ చీర మీంచే తొడ మొదట్లో వేలు పెట్టాను. అమ్మమ్మ లేచి, రిక్షా పిలిపించి, నన్ను మండపేటలో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళింది. జనం కిక్కిరిసిన గదిలో, పిల్లకి గజ్జల్లో నొప్పండి అని మామూలు గొంతుతోనే చెప్పింది. ఆకాశం విరిగి ఎవరి నెత్తినా పడలేదు.

డాక్టరుగారు నా మోకాళ్ళ మధ్య తన పిడికిలి పెట్టి, కాళ్ళతో దాన్ని నొక్కమన్నారు. నావల్ల కాలేదు. తొడ లోపలి కండరం సాగి కొంచెం చిరిగిందని, ఇంకెవరూ దాన్ని లాగకూడదని, మర్దనా చేయకూడదని గట్టిగా చెప్పారు. కొన్నాళ్ళు విశ్రాంతి, గుడ్డలో చుట్టిన ఐసుముక్కలు. నొప్పి తగ్గాక మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని మెల్లగా నొక్కడం, ఆ తర్వాత నడక, తిన్నగా పరుగు. కాలు పక్కకి బారచాపడం మాత్రం అన్నిటికంటే ఆఖర్న. ఇంతే వైద్యం. ఈ మాత్రానికి నా ఆటనే పాతిపెట్టబోయారు!

ఎన్నడూ అల్లుడి ఎదుట నిలబడి మాట్లాడని అమ్మమ్మ ఆ పూట అరుగు మీదికి వచ్చింది.

"పిల్ల కాలు నయమైపోద్దండి. మీ సిగ్గుకే ఏ మందు రాయాలో తెలీట్లేదు," అంది.

నాన్నగారు పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయారు. ఆట మానమని మళ్ళీ అనలేదు. ఆ ఏడు పోటీలు నాకు అందలేదు గానీ, మరుసటి ఏడు అదే కాలు బారచాపి ఆడాను.

అప్పటినుంచి నేను ఏ నొప్పికీ పేరు మార్చలేదు, నా ఎదుట ఎవరినీ మార్చనివ్వలేదు. మొన్న మనవరాలు షటిల్ ఆడి కుంటుతూ వచ్చి, గజ్జల్లో పట్టేసింది నాన్నమ్మా అంది. హాల్లో చుట్టాలున్నారు, మెల్లగా చెప్పమంది మా కోడలు. నేనా, ఊరుకోవడమా? గట్టిగానే చెప్పమన్నాను. చుట్టాలు తలలు దించుకున్నారు. దించుకోనీ.