నలభై మూడో బెంచీ

ముందు చప్పుడు వస్తుంది. నడవా అవతలి చివర నుంచి కీచు, కీచు, ఆపైన చిన్న దడదడ. గచ్చు పగిలిన చోట చక్రం దూకిన చప్పుడది. తర్వాత రెండు చెప్పులు గాల్లో కనిపిస్తాయి. ఆ తర్వాతే ఆవిడ. ఆఫీసు కుర్చీలో కాళ్లు పైకెత్తి, ఒళ్లో ఫైళ్లు పెట్టుకుని, నీటి మీద పడవలా జారుతూ వస్తుంది. పురపాలక కార్యాలయంలో వెబ్‌సైటు చూసే మనిషి. యాభై రెండేళ్లు. ఊరంతా బెంచీలక్క అంటారు.

ఆ పేరు ఊరికే రాలేదు. వాళ్లమ్మకు మోకాళ్లు పట్టేశాయి. "బజారు దాకా నడవగలనే, మధ్యలో ఎక్కడ కూలబడాలో తెలీదు" అంటూ ఆ తల్లి ఒకరోజు గడప దాటడం మానేసింది. అప్పటినుంచి అక్క మధ్యాహ్నం అన్నం డబ్బా ఇలా మూసి అలా వీధిన పడేది. ఏ మలుపులో బెంచీ ఉంది, వీపు ఆనుతుందా, నీడ ఎన్నింటికి తప్పుకుంటుంది, కాలేమైనా విరిగిందా. ప్రతిదాని మీదా కూర్చుని చూసింది. రెండేళ్లలో నలభై రెండు తేలాయి.

"ఇన్ని చోట్ల కూర్చున్నా నాకు కుదురు మాత్రం రాలేదు" అంటుంది.

ఆ జాబితాను ఆఫీసు వెబ్‌సైటులో పెట్టింది. అదేమీ బ్రహ్మవిద్య కాదు. లోపల గడులున్న పేజీ ఒకటి ఉంటుంది. నింపి, కింద 'ప్రచురించు' నొక్కాలి. పక్కనే చిన్న చదరం: 'ఎవరైనా వాడుకోవచ్చు.' అక్క అందులో టిక్కు పెట్టింది. ఆ టిక్కుతో బెంచీలకు రెక్కలొచ్చాయి. ఆసుపత్రి వెబ్‌సైటులో వాలాయి, పొద్దున్నే నడిచే పెద్దల సంఘం పేజీలో వాలాయి. చివరికి చెప్పుల దుకాణం వాళ్లు కూడా 'కొత్త చెప్పులు కరిస్తే ఇక్కడ కూర్చోండి' అని పెట్టుకున్నారు. ఆ పేజీలన్నీ అక్క జాబితాకేసే చూస్తుంటాయి. ఇక్కడ ఒక గడి మారిస్తే అక్కడ అన్నిట్లోనూ మారుతుంది, ఒక్క కిటికీ తెరిస్తే ఊళ్లో గదులన్నిటికీ గాలి వచ్చినట్టు.

చిక్కూ ఆ గాలిలోనే వచ్చింది. ఒక శుక్రవారం అక్క 'గమనిక' అనే కొత్త గడి చేర్చింది. పనిచేస్తుందో లేదో చూడాలి కదా. ఆలోచించకుండా వేళ్లకు వచ్చిన అడ్రసు కొట్టింది. అన్నయ్య ఇల్లు. 'మూడు మెట్లు. ఎండ తగలదు. వదిన మాటలు ఎక్కువ.' తనలో తనే నవ్వుకుంది. తుడిచేద్దామనుకుంటూనే ప్రచురించు నొక్కి, ఎవరో పిలిస్తే కుర్చీతోనే జారుతూ వెళ్లిపోయింది.

బుధవారం వదిన ఫోన్ చేసింది.

"ఏమ్మా ఆడపడుచూ, నా మెట్ల మీద ముగ్గురు కూర్చున్నారు. ఒకాయన ఫోన్ చూపించి, మాటలు ఎక్కువన్నారు, ఇంకా మొదలెట్టలేదేం అని అడుగుతున్నాడు."

అక్క నవ్వు వినబడకుండా ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సంగతి ఆఫీసులో పెద్దసారు చెవిన పడింది. ఆయనకు తాళాలంటే ప్రాణం. సొరుగులో రబ్బరు బ్యాండ్లకు కూడా తాళం వేసుకుంటారు.

"ఇదేనమ్మా నేను మొత్తుకునేది. ఆ టిక్కు తీసేయండి. కావలసినవాళ్లు అర్జీ పెట్టుకుంటారు."

"కూర్చోవడానికి అర్జీ ఏంటి సార్? అర్జీ రాయాలన్నా ముందు కూర్చోవాలి కదా."

ఆయన నవ్వలేదు. "సోమవారం నేనే తిరిగి చూస్తాను. జాబితాలో ఒక్కటి అబద్ధమైనా మొత్తానికి తాళమే."

ఆ వరస తుడిచేస్తే సరిపోయేది. ముందు వదినకు క్షమాపణ చెప్పుకుందామని అక్క ఆ సాయంత్రం వెళ్లింది. మెట్ల మీద మూడు రంగుల దిండ్లున్నాయి. పై మెట్టున రిటైరైన పోస్ట్‌మాన్. కింది మెట్టున, మోకాళ్లు నొక్కుకుంటూ, అమ్మ.

"ఎలా వచ్చావమ్మా?"

"నడిచొచ్చా. పదకొండో నంబరు దగ్గర ఆగాను, ఇరవయ్యో నంబరు దగ్గర ఆగాను. ఇరవై కాస్త ఊగుతోంది, రాసుకో."

అక్క వదిన వైపు తిరిగింది. "తప్పయిపోయింది వదినా, ఇప్పుడే తీసేస్తాను."

"తీసేయడానికి నువ్వెవరు? మెట్లు నావి. పదకొండేళ్లుగా ఈ ఇంటి బెల్లు గ్యాస్ బండకే మోగింది. మీ అన్నయ్యకి ఎంత చెప్పినా 'ఊ' అంటాడు. వీళ్లు 'ఆహా' అంటున్నారు. రాసుకో, ఎనిమిదింటి నుంచి చీకటి పడేదాకా. రెండు నుంచి నాలుగు నా నిద్ర."

తుడిచేస్తే జాబితా క్షేమం. ఉంచితే, మెట్లు బెంచీ ఎలా అవుతాయని సారు ఒక్క మాటంటే నలభై రెండూ తాళంలోకి పోతాయి. అక్క అమ్మను ఒకసారి చూసింది. మర్నాడు 'వేళలు' అని ఇంకో గడి చేర్చి, పైన 'బెంచీలు' అన్నది కొట్టేసి 'కూర్చోదగ్గ చోట్లు' అని రాసింది. ఇరవయ్యో నంబరుకు మేకు కొట్టించింది.

సోమవారం పొద్దున్నే సారు బయల్దేరారు. ఆరోజు నడవాలో కుర్చీ చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దానికి గుమాస్తాలు తలలెత్తి చూశారు. పన్నెండయింది. ఒంటిగంట అయింది. రెండుంబావుకి సారు వచ్చారు, చెవులు ఎర్రబడి, చంకలో ఒక రంగు దిండుతో.

"నలభై మూడూ ఉన్నాయి. కానీ ఒకచోట సమాచారం తప్పు."

అక్క గుండె కీచుమంది.

"'మాటలు ఎక్కువ' అని రాశారు. 'చాలా ఎక్కువ' అని దిద్దండి. ఆవిడ నిద్రవేళ కాకపోతే నేను ఈపాటికి ఇక్కడ ఉండేవాణ్ణి కాదు."

అక్క దిద్ది, నొక్కింది. ఆసుపత్రిలో, పెద్దల సంఘంలో, చెప్పుల దుకాణంలో వదిన మాటలు ఒక్క క్షణంలో పెరిగాయి. టిక్కు ఇప్పటికీ అలాగే ఉంది. సారు కుర్చీలో దిండు కూడా.

ఇదంతా అక్కే నాకు చెప్పింది. నేను సెలవు తీసుకుంటుంటే, కుర్చీతోనే గుమ్మం దాకా దొర్లుతూ వచ్చింది.

"ఎడమవైపు వెళ్లండి, నలభై మూడో నంబరు మీద కాసేపు కూర్చోండి. బస్సుందని అబద్ధమాడి లేవాలని మాత్రం చూడకండి. బస్సుల వేళలు కూడా నేనే పెట్టాను, టిక్కుతో సహా. అన్నీ వదిన ఫోన్లో ఉన్నాయి."